బ్రాకెట్లు లేని తీసివేత

ఆఫీసులో పక్క బల్ల దగ్గర ఎవరో బత్తాయి, మా వైపు మాటలో చీనీకాయ, ఒలిచారు. ఆ వాసన తగలగానే చేతిలో పని ఆగిపోయి, నాకు మొదటి ఉద్యోగమిచ్చిన కుళ్ళాయప్ప సార్ గుర్తుకొచ్చారు. ఆయన పోయి రెండేళ్ళయింది. నా మీద ఆయనకున్నది నమ్మకమో విసుగో ఈరోజుకీ నాకు తేలలేదు.

సార్‌ది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. మగ్గానికి నమూనా చెప్పే డిజైను అట్టలు పోయిన పాత పట్టుచీరను ముందు పెట్టుకుని, వాళ్ళ నాయన పోగులు లెక్కపెట్టి డిజైను మళ్ళీ గీసేవాడట. సార్ అనంతపురంలో, మోటార్ల రిపేరు అంగడి పైన మూడు కంప్యూటర్ల గదిలో, అదే పని ప్రోగ్రాములకు చేసేవారు. పైథాన్‌లో రాసిన అసలు ప్రతి పోయి, యంత్రం చదివే బైట్‌కోడ్ మాత్రమే మిగిలితే, దాన్ని తిరిగి మనిషి చదివే రూపానికి తెచ్చే డీకంపైలర్ ఆయనది. ఏ ముక్క ఎక్కడ రాయాలో, బ్రాకెట్లు ఎక్కడ పెట్టాలో దానికి చెప్పే చిన్న గుర్తులుంటాయి. శాతం గుర్తు, పక్కన ఒక అక్షరం. ఫార్మాట్ స్పెసిఫయర్లంటారు. ఒక్కోదాన్నీ పరీక్షించి, అదేం చేస్తుందో రాసిపెట్టడం నా మొదటి ఉద్యోగం. "నువ్వు అనుకొనేది రాయొద్దమ్మా, చూసింది రాయి. చూడకపోతే చూళ్ళేదని రాయి" అన్నారు మొదటిరోజే.

నేను మహా తెలివిగా రెండు గుర్తులు ఒకే పని చేస్తాయని రాశాను. రెండింటినీ కూడికతోనే పరీక్షించాను, జవాబు ఒకటే వచ్చింది; కూడికలో బ్రాకెట్లు ఉన్నా లేకున్నా జవాబు మారదు కదా. నా పేజీ నమ్మి సార్ ఒకదాని బదులు రెండోది వాడారు. ఆ వారమే గార్లదిన్నె దగ్గరి నారాయణప్ప చీనీతోటలో డ్రిప్పు మోటారు నడిపే ప్రోగ్రాం మా దగ్గరికొచ్చింది. డెబ్బైలో ముప్పై తీసేసి, మిగిలినదాన్ని వందలోంచి తీసేయాలని అందులో లెక్క. అంటే రోజుకు అరవై నిమిషాల నీళ్ళు. మేం తిరిగి రాసిచ్చిన ప్రతిలో, ఆ రెండో గుర్తు వల్ల, మా డీకంపైలర్ బ్రాకెట్లు మింగేసింది. వందలోంచి డెబ్బై, ఆపైన ముప్పై పోయి సున్నా మిగిలింది. నారాయణప్ప ఊళ్ళో లేని నాలుగు రోజులూ, నడి ఎండాకాలంలో, మోటారు తిరగలేదు. పిందెలు రాలిపోయాయి.

సార్ నన్ను స్కూటరెక్కించుకుని తోటకు తీసుకెళ్ళారు. "తప్పు నాది అన్నా. సరిగ్గా చూడకుండా ఇచ్చినా" అన్నారు నారాయణప్పతో. ఉద్యోగం పోతుందన్న భయంతో నేను నోరు విప్పలేదు. మర్నాటి నుంచి ఆయన నా పేజీలు చదవడం మానేసి, రాసింది రాసినట్టే చేర్చేవారు. నేనే దిద్దుకుంటానని వదిలేశారా, నన్నే వదిలేశారా? అడగడానికి ధైర్యం చాలక, ప్రతి గుర్తునూ నాలుగైదు రకాలుగా పరీక్షించేదాన్ని.

మొన్న వేసవిలో గార్లదిన్నెలో బస్సు దిగి నారాయణప్పకు నిజం చెప్పాను. ఆయన చెట్టుకు పాదు చేస్తూనే విన్నాడు.

"తెలుసులేమ్మా. ఆ పొద్దు తప్పు నాదంటా ఆయప్ప రెండుమార్లు నీ తట్టు చూసినాడు. నువ్వు తలెత్తలే."

నేను చూసుకోలేదు. ఆ చూపు కోపమో, నా మాట కోసం ఎదురుచూపో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేడు. నాకు ఏడుపొచ్చింది. ఇవాళ నేను రాసే ప్రతి పేజీ చివర ఏది పరీక్షించలేదో రాసి, కింద నా పేరు పెడుతున్నాను.