ఖాళీ ఫ్లాట్లలో కాపురాలు పెట్టినందుకు

మనుషులున్న ఇంటికి కాపలా కాయడం పెద్ద పనేం కాదు. ఎవరూ లేని ఇంటిని కాయడమే ప్రాణం తీస్తుంది. సౌదీలోని తబూక్‌లో ఆరేళ్ళుగా నేను చేస్తున్నది ఆ పనే. నాలుగంతస్తుల బిల్డింగు, పన్నెండు ఫ్లాట్లు, కింద మెట్ల పక్కన నా గది. ఇక్కడ నాలాంటివాణ్ణి హారిస్ అంటారు. మెట్లు కడగాలి, ట్యాంకులో నీళ్ళు చూసుకోవాలి, చెత్త తీయాలి, గేటు మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచాలి.

మా బిల్డింగులో అద్దెకుండేది ఎక్కువగా మిలిటరీ కుటుంబాలు. బడులు మూసేయగానే బదిలీలొస్తాయి, సామాన్లు లారీ ఎక్కుతాయి. ఆ ఎండాకాలం ఒకేసారి ఐదు ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి. కఫీల్, అంటే బిల్డింగు యజమానీ నా వీసా యజమానీ ఆయనే, రియాద్‌లో ఉంటాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చి గోడలు తట్టి చూసి వెళ్ళిపోతాడు.

సరిగ్గా అప్పుడే వెనక సందులోని బిల్డింగులో దొంగలు పడ్డారు. ఖాళీ ఫ్లాట్లలో ఏసీల రాగి పైపులు కోసుకుపోయారు, గీజర్లు ఊడబీకారు, ఆఖరికి వంటింటి కుళాయిలు కూడా వదల్లేదు. అక్కడి హారిస్ బంగ్లాదేశ్ మనిషి. అతను శుక్రవారం నమాజుకు వెళ్ళి వచ్చేలోపు అంతా అయిపోయింది. అతని కఫీల్ మొదట అనుమానించింది అతన్నే. వారం తిరక్కుండా ఇంటికి పంపేశాడు.

నాకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ నెలలోనే మా బిడ్డకు దూరంగా ఉన్న ఒక హాస్టల్ కాలేజీలో సీటు వచ్చింది. నేను దాన్ని బడిలో చేర్పించిందీ లేదు, పరీక్షకు తీసుకెళ్ళిందీ లేదు. ప్రతిసారీ మా బామ్మర్దే వెళ్ళాడు. ఈసారి ఫోన్‌లో గట్టిగా చెప్పింది.

"బాపూ, చేరే దినం అందరి బాపులొస్తరట. నువ్వొచ్చి దింపాలె. మళ్ళ మామను పంపిస్తే నేను పోనే పోను, చెప్తున్న."

"వస్త బిడ్డా, ఒట్టు" అన్నాను. మూడేళ్ళుగా సెలవు లేదు. బడులు తెరిచేలోపు పంపిస్తానని కఫీల్ మాటిచ్చాడు. మాది ఇంటిపని వీసా. ఆయన తన ఫోన్‌లో అనుమతి నొక్కితే తప్ప నేను దేశం దాటలేను. బిల్డింగులో ఒక్క కుళాయి పోయినా ఆయన నొక్కడని నాకు తెలుసు.

అందుకని ఒక ఉపాయం చేశాను. ఇల్లు ఖాళీ అని దొంగకు ఎలా తెలుస్తుంది? తలుపు సందుల్లో హోటళ్ళ ప్రకటనల కాగితాలు రోజుల తరబడి అలాగే ఉంటాయి. గడప ముందు దుమ్ము పేరుకుంటుంది. ఏసీ పైపు నుంచి చుక్క నీరు కారదు. ఇవన్నీ తారుమారు చేశాను. పొద్దున్నే కాగితాలు ఏరేశాను. వెళ్ళిపోయినవాళ్ళు చెత్తలో పారేసిన ఆడవాళ్ళ చెప్పులూ పిల్లల చెప్పులూ కడిగి తలుపుల ముందు పెట్టాను. ఆడవాళ్ళున్న ఇల్లంటే ఇక్కడ దొంగ కూడా నాలుగుసార్లు ఆలోచిస్తాడు. అలాగే దొరికిన పిల్లల గౌన్లు వెనక కిటికీల తీగల మీద ఆరేశాను, రెండు రోజులకోసారి మార్చాను. బాత్రూముల్లో నీళ్ళు వదిలాను. పొద్దు గూకగానే ఒక్కో ఫ్లాటులో ఒక్కో గదిలో లైటు వేశాను. రోజూ అరగంట ఏసీ నడిపాను.

చెప్పడానికి సిగ్గేగానీ, అందులో నాకు సరదా పుట్టింది. రెండో అంతస్తువాళ్ళకు ఇద్దరు పిల్లలు, నాలుగో అంతస్తువాళ్ళు కాస్త బద్ధకస్తులు అని నాలో నేనే అనుకునేవాణ్ణి. సొంత కాపురం నెల రోజులు వరసగా చేయనివాణ్ణి, అక్కడ ఐదు కాపురాలు నడిపాను.

ఉపాయం పారింది కూడా. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు మనుషులు ఏసీ రిపేరు అంటూ పనిముట్ల సంచితో మెట్లెక్కారు. ఎవరూ పిలవలేదని నాకు తెలుసు. చీపురు పట్టుకుని వెనకే ఎక్కాను. రెండో అంతస్తులో చెప్పులు చూశారు, మొహాలు చూసుకున్నారు, అడ్రసు తప్పామని చెప్పి దిగిపోయారు. ఆ రోజు నేను మారాజులా అన్నం తిన్నాను.

కానీ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కిరాణా కొట్టులో కేరళ ఆయనకు చెబితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. కఫీల్‌కైనా చెప్పి ఉండాల్సింది. సెలవుకు వెళ్ళేరోజు అన్నీ చూపించి శభాష్ అనిపించుకుందామనుకున్నాను. అదీ నా తెలివి, తగలెయ్య!

బిడ్డ కాలేజీలో చేరాల్సిన రోజుకు ఇంకా రెండు వారాలుంది. ఇళ్ళ ఏజెంటు ఒక కుటుంబానికి ఫ్లాటు చూపించడానికి వచ్చాడు. నేను కూరగాయలకు వెళ్ళాను. అతను చెప్పులు చూశాడు, ఆరేసిన గౌన్లు చూశాడు, ఏసీ నీళ్ళు చూశాడు. "అద్దెకిచ్చేసి నన్నెందుకు తిప్పుతున్నారు?" అని కఫీల్‌కు ఫోన్ చేశాడు. ఖాళీ ఫ్లాట్లకు వచ్చిన కరెంటు బిల్లు అప్పటికే ఆయన చేతిలో ఉంది. మర్నాడే విమానమెక్కి దిగాడు.

ఒక్కో తలుపూ తీయించాడు. బాత్రూములు తడిగా ఉన్నాయి. తీగ మీద గౌను ఆరుతోంది.

"ఇదెవరిది?" అన్నాడు.

"నాదే బాబా" అన్నాను.

"నువ్వు గౌను తొడుక్కుంటావా?"

నాకొచ్చిన అరబ్బీ అంతా కూడబలుక్కుని చెప్పాను. ఎవరూ లేరు, దొంగల కోసం పెట్టాను అని. ఆయన నవ్వాడు. "దొంగవి నువ్వే. ఎవరికిచ్చావు? ఎన్నాళ్ళ నుంచి అద్దె తింటున్నావు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం లాభం? మొదటి అంతస్తులో ఉండే ఈజిప్టు మాస్టారిని పిలిచి అడిగాడు. ఆయన చాలా మంచివాడు, అబద్ధం ఎరగడు. "ఉన్నారు, పైన ఒక కుటుంబం ఉంది. పిల్లలు పరిగెత్తుతుంటే మా కప్పు దడదడలాడుతుంది" అని ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పాడు. లేని పిల్లల అల్లరి ఆయనకెలా వినిపించిందో ఆ దేవుడికే తెలియాలి.

"మాఫీ ఇజాజా" అన్నాడు కఫీల్. సెలవు లేదు, అంతే. వాళ్ళెవరో తేలేదాకా నన్ను కదలనివ్వనన్నాడు. పోయిన సామానుకైతే లెక్క ఉంటుంది. పోకుండా మిగిలినదానికి సాక్ష్యం ఎవడు చెబుతాడు? ఐదు ఫ్లాట్లలో ఏసీలు, గీజర్లు, కుళాయిలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కదాని వంకా ఆయన కన్నెత్తి చూడలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆడది గయ్యిమంది. "ఖాళీ ఇండ్లల్ల బట్టలారేసుడేంది? నీకేమన్న పిచ్చి లేసిందా? రానని చెప్పరాదు, గీ కతలెందుకు?" నేను అబద్ధమాడుతున్నానని కఫీల్ అనుకుంటే కడుపు మండింది. తనూ అలాగే అనుకున్నందుకు ఏడ్చాను. బిడ్డ ఫోన్ దగ్గరికి రాలేదు. చేరేరోజు మామతోనే వెళ్ళింది.

కఫీల్ నెలల తరబడి ఎదురుచూశాడు, నా దొంగ కిరాయిదార్ల కోసం. ఎవరైనా ఉంటే కదా రావడానికి! ఒక్కో ఫ్లాటుకూ కొత్త కుటుంబాలొచ్చాయి. చివరికి ఒకరోజు ఫోన్ చేశాడు. క్షమించమంటాడేమోనని, పిచ్చి మనసు, ఆశపడింది.

"ఆ చెప్పుల పని బాగుంది. సెలవు నుంచి వచ్చాక మా తమ్ముడి బిల్డింగులో కూడా పెట్టు" అన్నాడు. ఆ పూటే ఫోన్‌లో నొక్కాడు. ఒక్క నిమిషం పట్టింది ఆ పని.

నాలుగు నెలలు ఆలస్యంగా దిగాను. ఇంట్లో ఒక్క పూట ఆగి హాస్టలుకు వెళ్ళాను. గేటు దగ్గర నా ఈడు వాచ్‌మన్ రిజిస్టరు తిప్పి చూశాడు.

"తల్లిది, మ్యానమామది ఫోటోలున్నయి. నీది లేదు."

"నేను తండ్రినే."

"అందరు గట్లనే అంటరన్నా. ఆడపిల్లల హాస్టలు ఇది. లోపలికి తోలితే నా నౌకరి పోతది."

అతన్ని ఏమనగలను? అతని చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. ఎంతమందిని అలా తిప్పి పంపానో. చివరికి జాలిపడి బిడ్డను గేటు దాకా పిలిపించాడు. బాగా పొడుగైంది. ఊచల లోపల నిలబడి, మెల్లగా సంజాయిషీ చెప్పినట్టు అంది.

"ఫారంల ఇద్దరి పేర్లే పెట్టమన్నరు బాపూ. చేరే దినం నువ్వు లేవు గద. రెండేండ్ల దాక మార్చరట."

పావుగంట అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం. తిన్నావా అంటే తిన్న అంది. చదువుతున్నావా అంటే చదువుతున్న అంది. లోపల గంట కొట్టారు. వెళ్ళబోతుంటే ఆపాను.

"ఏమన్న కావాల్నా బిడ్డా?"

"ఏమొద్దు బాపూ. కావాలంటే మామకు చెప్త."