ఆఖరి పేజీలకు ఎర్ర నూలు

మా మేనత్తకు మంగళగిరిలో చీరల కొట్టుంది. వెనక గదిలో రెండు మగ్గాలు, ముందు గదిలో తెల్లటి పరుపులు. ఆ పరుపుల కింద ఎప్పుడు చూసినా నాలుగైదు సస్పెన్స్ నవలలుంటాయి. చీర కొనడానికొచ్చినావిడ "ఒక్క నిమిషం, మా చెల్లిని అడుగుతా" అని ఫోన్ తీసిందంటే చాలు, మా అత్త చెయ్యి పరుపు కిందకి పోతుంది. ఒకసారి హంతకుడు తలుపు తడుతున్న ఘట్టంలో ఉండగా ఎవరో వచ్చి పట్టుచీరలు చూపించమన్నారు. "పట్టు అయిపోయిందండీ, వచ్చే వారం రండి" అని పంపించేసింది. వెనక బీరువా నిండా పట్టుచీరలే.

అత్త దగ్గర పుస్తకం తీసుకోవాలంటే ఒక షరతుంది. నవల చివరి పేజీలన్నీ కలిపి చుట్టూ నూలు పోగు చుట్టి ముడేసి ఇస్తుంది. మగ్గం మీద తెగిన పోగుని అతికే ముడి అది. విప్పితే మళ్లీ అలా వేయడం నావల్ల కాదు కాబట్టి దొంగచాటుగా చూసే ఆశ లేదు. ముడి దాకా చదివి, కొట్టుకొచ్చి, అందరి ముందూ అభిప్రాయం చెప్పాలి. నేరం ఎవరిది? హీరోయిన్ ఆ అబ్బాయిని నమ్మొచ్చా, కూడదా? చెప్పాకే అత్త కత్తెర తీస్తుంది. ముగింపు అక్కడే కూర్చుని చదవాలి. ముందే చదివేసినవాళ్లు కళ్లతో కూడా సైగ చేయకూడదు.

"అంతా అయ్యాక బాగుందనీ బాలేదనీ ఎవరైనా చెప్తారే. మడత విప్పకముందు చెప్పు, అదీ అభిప్రాయమంటే" అంటుంది.

ఈ కొలువులో ముగ్గురమే. ఆదివారం మధ్యాహ్నాలు నేను విజయవాడ నుంచి బస్సెక్కి వెళ్తాను. నాకు నేరపరిశోధన అంటే పిచ్చి, మధ్యలో ప్రేమ దూరిందంటే ఒళ్లు మంట. ఇంట్లోంచి శవం ఇంకా లేవనేలేదు, వీళ్లకి మేడ మీద వెన్నెల కావలసొచ్చిందా అని పుస్తకం విసిరేసిన రోజులున్నాయి. అత్తది దీనికి పూర్తిగా ఎదురు. "ప్రేమ లేకపోతే ఎవడు చస్తే నాకేంటే? పడుగూ పేకా రెండూ ఉండాలి. ఒట్టి పడుగు పరిచి ఇదే చీరంటే కట్టుకుంటావా?" అని నా నోరు మూయిస్తుంది. మూయించాక టీ ఇస్తుంది.

మూడో మనిషి టీచరుగారు. భవానీపురంలో ఒంటరిగా ఉంటారు, పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చీర కొనడానికి వచ్చి, నూలు కట్టిన పుస్తకం చూసి, అదేమిటని అడిగి, చీర సంగతి మరిచిపోయి పుస్తకం పట్టుకెళ్లారు. ఆవిడలా నవల చదివే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. రచయిత ఒక పేజీలో కిటికీ తెరిచి, ఇంకో పేజీలో మూయడం మరిచిపోతే పట్టేస్తారు. పనిమనిషి ఎందుకు రెండుసార్లు కాఫీ తెచ్చిందో ఆవిడకి కావాలి. నేను కథ వెంట పరిగెడతాను, ఆవిడ ప్రతి గడపా దగ్గర ఆగి లోపలికి తొంగి చూస్తారు. ఆవిడ మాట్లాడుతుంటే, నేను చదివింది అసలు ఇదే పుస్తకమా అని నాకు సిగ్గూ ముచ్చటా రెండూ కలుగుతాయి.

అయితే ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మారరు. ఏ నవలైనా సరే, ఏ హీరో అయినా సరే, ఆవిడ తీర్పు ఒకటే.

"వాణ్ణి నమ్మకూడదండీ. మర్యాదగా మాట్లాడేవాడినే ముందు అనుమానించాలి. పరీక్షలో కాపీ కొట్టేవాడే నాకు అందరికంటే వంగి నమస్కారం పెట్టేవాడు" అనేవారు.

చాలాసార్లు ఆవిడ తప్పే అయ్యేది. హీరో నిర్దోషిగా తేలేవాడు, పెళ్లయ్యేది, అత్త కళ్లు తుడుచుకునేది. "ఈ పుస్తకంలో తప్పించుకున్నాడు" అని టీచరుగారు తాపీగా మూసేసేవారు.

ఈ మధ్య వానలు పడుతున్న రోజుల్లో అత్త ఒక కొత్త నవలకి కొత్తగా రంగు వేయించిన ఎర్ర నూలు కట్టి ఆవిడ చేతిలో పెట్టింది. ఒంటరిగా ఉండే ఒక లెక్చరర్ అమ్మాయి, పై వాటాలోకి అద్దెకొచ్చిన అతి మర్యాదస్తుడైన మనిషి, ఊళ్లో వరసగా చావులు. నేనూ అత్తా అప్పటికే ముగింపు చదివేశాం. ఆ మర్యాదస్తుడే హంతకుడు.

పుస్తకం సంచీలో పెట్టుకుంటూ టీచరుగారు ఉన్నట్టుండి ఒక మాట చెప్పారు. పక్క వీధిలో ఒకాయన ఉన్నారట. భార్య పోయి చాలా ఏళ్లయిందట. పొద్దున్నే కృష్ణ ఒడ్డున నడిచేటప్పుడు పరిచయమట. మిగిలిన జీవితం కలిసి గడుపుదామా, రిజిస్టరాఫీసుకి వెళ్లొద్దామా అని అడిగారట.

"మొన్న నాకు జ్వరమొస్తే చారన్నం క్యారేజీ తెచ్చారు. గేటుకి తగిలించి వెళ్లిపోయారు. లోపలికి రాలేదు. ఎందుకు రాలేదంటారు?" అన్నారు.

నేను నవ్వాపుకోలేకపోయాను. "మర్యాదేమోనండీ."

"అదే నా అనుమానం" అన్నారావిడ నవ్వకుండా. తర్వాత మెల్లగా, "ఈసారి పట్టుకెళ్లే పుస్తకం అయ్యేదాకా ఆగమన్నాను. ఇందులో పిల్ల ఏం చేస్తుందో చూద్దాం" అన్నారు.

మా అత్త మొహం చూడాలి అప్పుడు. "అది అంత బాలేదులెండి టీచరుగారూ, ఇంకోటిస్తాను" అని చెయ్యి చాచింది. జీవితంలో తన సరుకు బాలేదని ఆవిడ చెప్పడం నేను వినడం అదే మొదలు.

"మీరు బాలేదంటున్నారంటే బ్రహ్మాండంగా ఉందన్నమాట" అని టీచరుగారు గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

ఆవిడ వీధి మలుపు తిరిగారో లేదో అత్త మీద విరుచుకుపడ్డాను. హంతకుడు వాడేనని ఆవిడ చదివితే ఇక ఆ పెద్దమనిషి పని అయిపోయినట్టే కదా, ఇన్నేళ్లుగా ఎవరినీ నమ్మని మనిషి మొదటిసారి ఒక మనిషి గురించి ఆలోచిస్తోంది కదా, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేద్దాం అన్నాను.

"నోర్ముయ్. ఒకరు నేస్తున్న గుడ్డలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు" అంది అత్త. ఆ మాట అన్నదే కానీ, ఆ పూట వచ్చినావిడ నీలం చీర అడిగితే ఆకుపచ్చది తీసిచ్చింది.

ఆ వారమంతా నాకు మనసు మనసులో లేదు. ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో మెసేజ్ రాయడం, చెరిపేయడం. ఆ నవల రాసినాయన మీద కూడా కోపం వచ్చింది. అంత మంచి నవల రాసి, ఆ చివరొక్కటీ మార్చి రాస్తే ఆయన సొమ్మేం పోయింది?

తర్వాతి ఆదివారం జోరున వాన. బస్సు దిగి కొట్టుకు వచ్చేసరికి టీచరుగారి చీర కుచ్చిళ్లు, చేతిసంచీ నానిపోయాయి. తుడుచుకోమని అత్త తువ్వాలిస్తే ముందు పుస్తకం తుడిచారు. పరుపు అంచున కూర్చుని, క్లాసులో నిలబడి చెప్పినంత స్పష్టంగా చెప్పారు.

"నమ్మొచ్చండీ."

నేను అత్త వంక చూడకుండా ఉండటానికి సీలింగ్ ఫ్యాన్ వంక చూశాను.

"ఎందుకంటే" అన్నారావిడ, "ఆ పిల్లకి ఒంట్లో బాలేకపోతే మందు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాడు. నేను అక్కడే నాలుగుసార్లు చదివాను. కపటమున్నవాడు తెచ్చినట్టు కనపడాలనుకుంటాడు. ఇతను కనపడకుండా పోయాడు. ఇన్నాళ్లూ నేను మర్యాద చూసి భయపడ్డాను, మర్యాద వెనక ఏముందో చూడలేదు. ఇతన్ని నమ్మొచ్చు."

అత్త కత్తెర తీసుకోలేదు. "పోనీ ఈ పూటకి అలా ఉంచేద్దామండీ, టీ తాగుదాం" అంది. షరతు పెట్టిన మనిషే అలా అంటుంటే నేను గబగబా టీ గ్లాసులు సర్దాను. టీచరుగారు ఒప్పుకుంటారా? పళ్లతో నూలు తెంపేశారు.

తడిసిన ఎర్ర నూలు ఆవిడ వేళ్ల నిండా, పేజీల అంచుల నిండా రంగు పూసింది. "మా కొట్లో రంగు దిగితే చీర వెనక్కి తెచ్చేయండి" అని ఊరంతా చెప్పుకునే మా అత్త తలెత్తలేక మగ్గం గదిలోకి చూస్తూ నిలబడింది. టీచరుగారు అదేమీ పట్టించుకోకుండా చదువుకుంటూ పోయారు. నాకు ఆవిడ చేతిలోంచి పుస్తకం లాగేసుకోవాలనిపించింది.

చదివారు. మూశారు. కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఆ మందులోనే విషం కలిపాడండీ" అన్నారు.

అత్త అప్పుడు మగ్గం గది వైపు నుంచి ఇటు తిరిగింది.

"మొదటిసారి నమ్మాను, అదే తప్పయింది" అన్నారు. ఆపైన కాసేపు తన ఎర్రటి వేళ్లకేసి చూసుకున్నారు. "రచయిత గట్టివాడు. నన్నే మోసం చేశాడు. పుస్తకం మాత్రం చాలా బాగుంది."

ఇక ఆగలేకపోయాను. "మరి ఆయన సంగతేంటండీ?" అని అడిగేశాను.

ఆవిడ నన్ను లెక్క తప్పు చేసిన పిల్లని చూసినట్టు చూశారు.

"ఆయన సంగతేముందమ్మాయ్? ఆయన తెచ్చిన చారన్నం నేను తిన్నాను. బతికే ఉన్నాగా? బస్సెక్కే ముందే సరేనని చెప్పేసి వచ్చాను."

అత్త ఒక్కసారిగా ఏడ్చేసింది. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. టీచరుగారు మా ఇద్దరికీ తేరుకోవడానికి టైమిచ్చి, తువ్వాలుతో వేళ్లు తుడుచుకుంటూ అత్త వైపు తిరిగారు.

"ఇక చీరలు చూపించండి. కాస్త రంగు దిగనిది."