చిన్నమామ ఒప్పుకోని ఎర్ర పిల్ల

పోయిన నెల ఒక పొద్దున నేను రొట్టెలకు జొన్నపిండి తడుపుతుండగా దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "చిన్నాయన పోయిండు" అన్నారు, అంతే. మా మామగారి తమ్ముడు, నాకు చిన్నమామ. చేతులు కడుక్కుని ముందు దొడ్లోకి వెళ్లి గాడిదల తొట్టి నింపాను. చిన్నమామ ఎక్కడి నుంచి ఫోన్ చేసినా మొదట అడిగేది వాటి నీళ్ల సంగతే.

జహీరాబాద్ శివారులో మా ఇంటి వెనక ఆయన పొట్టి గాడిదలను పెంచేవారు. అవి నా నడుము ఎత్తు కూడా ఉండవు. ఒకప్పుడు బండి పట్టని సందుల్లోకి ఇసుక మోసేవి. ఈ మధ్య తోటలున్న పట్నం వాళ్లు పిల్లల కోసం కొనుక్కుపోతున్నారు. వాళ్లు ముందు రంగు చూస్తారు. "రంగు మీద నడుస్తదా సారూ అది? గిట్టలు జూడున్రి" అని చిన్నమామ నవ్వేవారు. కానీ రంగు పట్టింపు ఆయనకే ఎక్కువ. పిల్ల పడగానే గోనెపట్టాతో తుడిచి, బూడిద రంగు ఒంటిమీద వెన్ను వెంట ఒక నల్లచార, భుజాల మీద అడ్డంగా ఇంకొకటి ఉన్నాయో లేదో చూసేవారు.

తల్లి, తండ్రి, పుట్టిన రోజు, రంగు అన్నీ నాతో పుస్తకంలో రాయించేవారు. "రాయి బిడ్డా. నాకు యాదికుంటయి గని నేనే ఉండ" అనేవారు.

మా వైపు పశువును పాలుకు, అంటే వాటాకు, ఇవ్వడం ఉంది. ఆడదాన్ని ఇంకొకరికి ఇస్తే వాళ్లు మేపుతారు, మొదటి పిల్ల మేపినవాళ్లది, రెండోది ఇచ్చినవాళ్లది. చిన్నమామ ఒక బూడిద రంగుదాన్ని చిరాగ్‌పల్లిలో తన చిన్ననాటి స్నేహితుడికి ఇచ్చారు. నేను ఆయన్ని కాకా అంటాను. ఎదకు వచ్చినప్పుడు మా మగదాని దగ్గరికే తోలుకురావాలన్నది మాట. కాక తోలుకొచ్చారు. ఏడాది దాటాక ఈనిన తల్లినీ పిల్లనూ చూపించడానికి సంబరంగా తెచ్చారు. పిల్ల ఎర్రగా, మా నేల రంగులో ఉంది. వీపు మీద చార కూడా ఎరుపే.

చిన్నమామ ముఖం మారిపోయింది. "ఇది మా దాని పిల్ల గాదు. ఈడ చూలు కట్టకుంటె మల్ల నా తానికి రావాలె గని, బద్ధకమై ఇటుక బట్టీ కాడి ఎర్ర మగదానికి చూపిచ్చినవా?"

"నా బిడ్డ మీద ఒట్టు అన్నా, ఎక్కడా చూపియ్యలే."

"దాని మొఖమే ఉంది!"

"మొఖం జూసి తండ్రిని చెప్పవడితివి, ఎప్పటిసంది పంతులువైనవే?"

చిన్నమామ నా వైపు తిరిగారు. "పుస్తకం తే బిడ్డా. సదువు."

చదివాను. మా మగదానికి పుట్టినవి పదకొండు, అన్నీ బూడిద రంగే. ఒక్క అక్షరం తప్పు చదవలేదు. అయితే పన్నెండోది ఎర్రగా పుట్టదని అందులో ఎక్కడా లేదు. అది నేను అనుకున్న మాట, నా గొంతులో పలికిన మాట. కాక నన్నే చూశారు. "కాయిదం మాట నమ్ముతరు, నా మాట నమ్మరు" అన్నారు. తల్లినీ, తన పాలుకు వచ్చిన పిల్లనూ మా గేటుకు కట్టేసి వెళ్లిపోయారు. మళ్లీ మా ఇంట్లో అడుగు పెట్టలేదు.

తర్వాత ఆ తల్లి మా దొడ్లోనే అదే మగదానికి రెండు ఈతలు బూడిదవే ఈనింది. "చూసినవా?" అన్నారు చిన్నమామ. మూడో ఈత మొన్న ఎండాకాలంలో. గేటు మూసిన దొడ్డి, వేరే మగది లేదు. పిల్ల ఎర్రగా పుట్టింది.

సూది వేయడానికి వచ్చిన పశువుల డాక్టర్‌ను అడిగాను. ఆయన చెప్పింది చిన్నమామకు అర్థమయ్యేలా చెప్పాను. "రంగుల గూడ తల్లిది ఒక పాలు, తండ్రిది ఒక పాలు మామా. రెండిట్ల ఒక్కటి బూడిదైనా పిల్ల బూడిదే. ఎరుపు లోపల దాక్కుంటది. ఇద్దరూ ఎర్ర పాలే ఇస్తే అప్పుడు బయటపడతది. కాక అబద్ధం చెప్పలే."

ఆయన చాలాసేపు ఆ పిల్ల మెడ నిమురుతూ కూర్చున్నారు. "పోవాలె" అన్నారు చివరికి. పోలేదు. ఒక వారం వాన, ఒక వారం జ్వరం. నేను ఫోన్ కలుపుతానంటే, "ఫోన్ల చెప్పే మాట గాదు. ఏ మొఖంతోని పోవాలో తెలుస్తలేదు" అన్నారు. నేనూ గట్టిగా అడగలేదు. చదివింది నేనే కదా, నాకూ ముఖం లేదు.

దినాలు అయ్యాక నేనే చిరాగ్‌పల్లి వెళ్లి, కాక ముందు పుస్తకం తెరిచి అంతా చెప్పాను. ఆయన పుస్తకం వైపు చూడనే లేదు.

"అన్నకు ఎర్కైందా?"

"అయింది కాకా."

"ఎప్పుడు?"

అబద్ధం చెప్పాలనిపించింది. "నాలుగు నెలలైంది."

కాక వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకున్నారు. "అంగడి రోజు మీ గేటు ముంగటికెల్లే నేను పోయేది. ఇన్నేండ్లు నన్ను జూస్తే లోపటికి పోతుండె. ఈ నడుమ లేచి నిలవడుతుండె బిడ్డా. నేను మూల తిరిగేదాక అట్లనే. కొట్లాటకు లేస్తుండనుకున్న. తల తిప్పుకొని పోయిన."

నాకు ఆ సంగతి తెలియదు. ఆ వేళకు నేను వంటింట్లో ఉంటాను. ఇప్పుడు మాత్రం కనబడుతూనే ఉంటుంది. మోకాళ్లు సహకరించని మనిషి రెండు చేతులతో ఇనుప గేటు పట్టుకుని లేచి, నోటిదాకా వచ్చిన మాటతో, మూల తిరిగిపోతున్న ఒక వీపును చూస్తూ నిలబడి ఉండటం.