తుపాకీకి తక్కువైన సామాను

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి ఒకటే తుపాకీ ఉండేది. అది పక్కింటి అక్కది. తుపాకీ అనగానే కంగారు పడకండి. అది గాలితో పనిచేసే పిస్తోలు. గొట్టాన్ని విరిచినట్టుగా కిందికి వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. చిన్న సీసపు గుండు పెట్టి గొట్టం మూసి మీట నొక్కితే, గాలి తోసిన తోపుకి గుండు ఎగిరిపోతుంది. కాగితం మీద నల్లచుక్కని గురి చూసి కొట్టే పోటీలకే దాన్ని తయారుచేశారట. మిలటరీలో చేసి వచ్చిన అక్క మేనమామ దాన్ని అక్కకిచ్చాడు. అక్క పుట్టకముందటి సరుకది.

మాది నల్లపాడు స్టేషన్లో దిగి నడిచివెళ్ళే ఊరు. అక్క గుంటూరులో డిగ్రీ చదువుతూ, సాయంత్రం ఇంటికి రాగానే గొడ్లచావిడి గోడకి కాగితం అంటించి, ముప్పై అడుగులు వెనక్కి వెళ్ళి కాల్చేది. నేను ఆ కాగితాలు మార్చేదాన్ని, గుండ్లు ఏరేదాన్ని. ఒక్కసారి కాలుస్తానక్కా అని ఎన్నిసార్లు అడిగినా, నీ చెయ్యి నిలవదు, నీ నోరు అసలే నిలవదు, పెద్దయ్యాక చూద్దాంలే అనేది.

పెద్దయ్యేదాకా ఆగడం నావల్ల కాలేదు. ఒక మధ్యాహ్నం అక్క కాలేజీలో ఉంది, వాళ్ళమ్మ చేలో ఉంది. పిస్తోలు బీరువా పక్కన గుడ్డసంచిలోనే ఉంది కానీ, గుండ్ల డబ్బా మాత్రం తాళంలో ఉంది. వసారాలో తొడిమలు తీసిన మిరపకాయలు, పక్కన చాటలో రాలిన గింజలు కనిపించాయి. మన వైపు పిల్లలకి గింజ అంటే మొదట గుర్తొచ్చేది మిరపగింజే కదా. పిస్తోలుని మోకాళ్ళ మధ్య ఇరికించి గొట్టం సగం వంచాను. గాలి వచ్చే చిన్న కంత కనిపించింది. అందులో రెండు చిటికెల గింజలు పోసి, పూర్తిగా వంచాను. లోపలికి గుటుక్కున మింగేసినట్టు పీల్చుకుంది. గొట్టం మూసి మీట నొక్కితే తుస్సుమంది. నాలుగు గింజలు బయటపడ్డాయి. మిగతావి ఎక్కడికి పోయాయా అని నేను ఆలోచించలేదు. పిస్తోలుని సంచిలో పెట్టేసి ఇంటికొచ్చి బుద్ధిగా అన్నం తిన్నాను.

వారం తిరక్కుండా పిస్తోలు మూలనపడింది. అక్క కాల్చిన గుండు గోడ దాకా పోకుండా దారిలోనే రాలిపోతోంది. నెల రోజుల్లో జిల్లా పోటీలు. అక్కడ నెగ్గితే రాష్ట్ర పోటీలకి పంపిస్తారు. అప్పటికే అక్కకి సంబంధాలు చూస్తున్నారు. ఈసారి నెగ్గకపోతే ఆ తుపాకీ గొడవ కట్టిపెట్టమని వాళ్ళ నాన్న గట్టిగా చెప్పేశాడు. అందుకే అక్క అన్నం కూడా సరిగ్గా తినడం మానేసింది. లోపల గాలిని పట్టి ఉంచే తోలు వాసరు పోయుంటుంది, అది దొరికితే చాలు అనేది. నేను మాత్రం కంచంలో మిరపకాయ కనిపిస్తే ఏరి పక్కన పెట్టేసేదాన్ని.

మద్రాసులో ఆ పిస్తోళ్ళు అమ్మేవాళ్ళకి అక్క ఉత్తరం రాసింది. ఆ రకం ఎప్పుడో ఆపేశారు, సామాన్లు రావు, కొత్తది కొనుక్కోండి అని ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. కొత్తది కొనాలంటే అక్క వాళ్ళు ఎకరం పత్తి అమ్ముకోవాలి. ఇక మా తాతయ్య రంగంలోకి దిగాడు. అక్కనీ నన్నూ వెంటపెట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. సంచిలో ఏముంది పెద్దాయనా, చంకలో అంత జాగ్రత్తగా పెట్టుకున్నావు అని కండక్టరు అడిగితే, మా తాతయ్యకి అబద్ధం చేతకాక, గొంతు తగ్గించడమూ చేతకాక, "తుపాకీ" అన్నాడు. బస్సు మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ఎప్పుడూ నిలబడి వెళ్ళే మాకు ఆ రోజు ముగ్గురికీ కిటికీ పక్క సీట్లు దొరికాయి. ఆటసామాన్ల కొట్లో షటిల్ బ్యాట్లు చూపించారు. లేతు మిషన్ల దగ్గర పిస్తోలు మాట వినగానే, మాకు పిల్లలున్నారు బాబాయ్, వేరే చోట చూసుకోండి అన్నారు. వట్టి చేతులతో తిరిగొచ్చాం.

పత్తికి పచ్చపురుగు పట్టి, ఊరంతా మందు కొట్టే పంపులు వీపున తగిలించుకుని తిరుగుతున్న రోజులవి. తాతయ్య తన పంపు విప్పుతూ, లోపల తోలు వాసరు చూసి ఆగిపోయాడు. ఇదీ గాలి తోసేదే, అదీ గాలి తోసేదే, మన సాయిబు చెయ్యలేడా అన్నాడు. ఊరి మొగదల పంపులు బాగుచేసే సాయిబు తాత గురించి ఆ మాట. చుట్టుపక్కల నాలుగూళ్ళ పంపులు ఆయన చేతిమీదుగానే నడిచేవి.

మేం వెళ్ళేసరికి అక్కడ పదిమంది రైతులు పంపులు పట్టుకుని కూర్చున్నారు. అక్క సంచిలోంచి పిస్తోలు తీసేసరికి ఒకాయన లేచి నిలబడ్డాడు. "ఏవమ్మాయ్, పచ్చపురుగుని దీంతో కాలుస్తారా? మందుకంటే ఇదే నయం. దీన్ని చూస్తే కనీసం భయపడుద్ది" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క మొహం ఎర్రబడింది.

సాయిబు తాత నవ్వలేదు. పిస్తోలుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గొట్టం వంచి కంత దగ్గర వాసన చూశాడు. ఒకటే తుమ్ము. ఆ తర్వాత రెండోది. పురుగుమందు ఘాటు మావా అన్నాడెవరో. ఆయన కళ్ళు తుడుచుకుని మా ముగ్గుర్నీ వరసగా చూశాడు. నేను తాతయ్య పంచె వెనక్కి జరిగాను.

తోలు వాసరు నేను కోస్తాను, ఆముదంలో నానబెట్టి వేస్తే కొత్తదానికి తీసిపోదు అన్నాడు. అక్క ముఖంలోకి ప్రాణం వచ్చింది. అప్పుడాయన మెల్లగా ఇంకో మాట అన్నాడు.

"ఇంకొక సామాను తక్కువైందమ్మా. అది నా దగ్గర లేదు, గుంటూరులో దొరకదు. మీ ఇళ్ళల్లోనే ఉంది. అది తెస్తే గాని నేను బిగించను."

దాని పేరేంటని అక్క అడిగితే, తెచ్చినవాళ్ళకే తెలుస్తుంది అన్నాడు.

ఇక చూడండి మా రెండిళ్ళ అవస్థ. ఆదివారం పోటీలు, అది మంగళవారం. అక్క వాళ్ళమ్మ కుట్టుమిషను విప్పేసింది. బాల్‌పెన్నుల స్ప్రింగులు లాగేసింది. తాతయ్యైతే మడతమంచం మర, రేడియో బొడిపె, తన చేతిగడియారం పిన్ను కూడా పట్టుకెళ్ళాడు. మంచం మర తీసిన రాత్రి మంచం కూలి, నడుం పట్టుకుని కూడా, అదేనేమో సాయిబూ అని మళ్ళీ బయల్దేరాడు. ఇంత ఆరాటం ఆయనకెందుకా అని నాకు అప్పుడు తోచలేదు. వీధిలో వాళ్ళు కూడా తలా ఒకటి ఇచ్చారు. ఒకావిడ ప్రెషర్ కుక్కరు విజిలు పంపించింది. సాయిబు తాత ప్రతిదాన్నీ తీరుబడిగా తిప్పి చూసి, ఇది కాదు అని తిరిగిచ్చేసేవాడు. ఆయనకి కావలసిన సామాను ఏదో ఊరు మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు. అది తెలిసి కూడా మూడు రోజులు నోరు మూసుకున్నాను. నా నోరు నిలవదన్న అక్క మాటని అబద్ధం చేసింది ఆ మూడు రోజులే.

శుక్రవారం సాయంత్రం అక్క పిస్తోలు ఖాళీ సంచిని మడిచి బీరువాలో పెట్టేయడం చూశాను. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

శనివారం పొద్దున్నే, రైతులెవరూ రాకముందు, పిడికిట్లో చిటికెడు మిరపగింజలు పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. చెయ్యి చాపి తెరిచాను. ఆయన ఆ గింజలు చూసి, ఎన్ని పోశావు తల్లీ అని మాత్రం అడిగాడు. రెండు చిటికెలు అన్నాను. గూట్లోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో నూనెలో నానిన గింజలు, చీలిపోయిన పాత వాసరు ముక్కలు ఉన్నాయి. మంగళవారమే విప్పేశాడట, శుభ్రం కూడా చేసేశాడట.

అంతలో తాతయ్యా అక్కా ఇంకో డబ్బా నిండా మరలు వేసుకుని వచ్చారు. సాయిబు తాత తోలు నున్నగా చేసుకుంటూ కూర్చున్నాడు. నా చెయ్యి ఇంకా చాపే ఉంది. ఇక తప్పలేదు. నేనేనక్కా, మిరపగింజలు పోసి కాల్చాను అన్నాను. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. తాతయ్య దగ్గు వినిపించింది. సుత్తి కనబడక క్యాలెండరు మేకు నీ పిస్తోలు పిడితోనే కొట్టానమ్మా, ఒక్క మేకే అన్నాడు, నేల చూస్తూ. అక్క ఆయన్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత అక్క కూడా నేలే చూసింది. దానికి పోసే నూనె అయిపోతే అమ్మకి తెలియకుండా వంటింట్లో వేరుశనగ నూనె పోశానంది. అందువల్లే పాడైందనుకుని, బయటకి చెప్పలేక మొత్తం వాసరు మీదికి తోసేసిందట.

సాయిబు తాత ఉలి పక్కన పెట్టాడు.

"ఒకరు మేకు కొట్టారు, ఒకరు నూనె పోశారు, ఒకరు మిరపగింజలు వేశారు. ముగ్గురూ కలిసి తుపాకీకి తాలింపు పెట్టి, సామాను దొరకట్లేదని ఊరు మీద పడ్డారు."

ముందు అక్కే నవ్వింది. అంతలో పంపులతో వచ్చిన రైతులు ఏమైందని అడిగితే, ఏంలేదు, సామాను దొరికింది అని మాత్రం చెప్పాడాయన. పది నిమిషాల్లో వాసరు బిగించేశాడు.

పోటీల్లో అక్క మొదటి గుండు కాల్చగానే పక్కనున్న ఇద్దరు తుమ్మారట. లోపలెక్కడో కాస్త ఘాటు మిగిలుంది. వాళ్ళ గురి తప్పిందనీ, మిరపకాయల ఊరిది కాబట్టి తను మాత్రం చలించలేదనీ అక్క ఇప్పటికీ చెబుతుంది. అందులో నిజమెంతో తెలియదు గానీ, రాష్ట్రానికి వెళ్ళింది. సంబంధాలు రెండేళ్ళు ఆగాయి.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. తరగతిలో నేర్చుకున్నదంతా చాలావరకు మర్చిపోయాను గానీ, ఆ పంపుల కొట్లో నేర్చుకున్నది మర్చిపోలేదు. ఇంట్లో వస్తువు చెడిపోతే ఎవరు చేశారని నేను అడగను. ముందు నా వాటా చెప్పేస్తాను. మొన్న మిక్సీ కాలిపోయినప్పుడు అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ముందురోజు పసుపుకొమ్ములు అందులో వేసింది నేనేనన్నాను. కాసేపటికి మా అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత మా ఆయన కూడా వార్తాపత్రిక కిందికి దించారు.