పన్నెండు లెక్కపెట్టేదాకా

పాలకొల్లు మార్కండేయులు పెళ్లిళ్లలో సాక్సోఫోన్ పట్టి ముప్పై ఏళ్లు. ఊదబోయే ముందు మూతి దగ్గరి రీడు బద్దను నాలుకతో తడుపుతాడు, ఆగితే పంచెకు అరచేతులు తుడుచుకుంటాడు. తాళి కట్టే వేళ పురోహితుడు చెయ్యెత్తితే చాలు, ఎటు చూస్తున్నా గట్టిమేళం అందుకుంటాడు. అలాంటి అతన్నీ, మరో ముగ్గురు పెళ్లిమేళం వాళ్లనీ కూర్చోబెట్టి సహస్ర అనే అమ్మాయి నాలుగు సాక్సోఫోన్లకు కొత్త సంగీతం రాసింది. నడుమ పన్నెండు లెక్కపెట్టేదాకా నలుగురూ ఆగాలి. ఆపైన మార్కండేయులు ఒక్కడే మంద్రంలో ఎత్తుకోవాలి.

“ఊదకుండా ఉండటం కూడా నేర్పాలేంటండీ?” అని ముగ్గురూ నవ్వారు.

“అదే కష్టమండి. ఎవరు చెయ్యెత్తినా చూడకండి,” అంది సహస్ర.

మార్కండేయులు నవ్వలేదు. అప్పట్నుంచీ బస్సులోనూ, భోజనం దగ్గరా వేళ్ల కణుపుల మీద పన్నెండు లెక్కపెడుతూనే ఉన్నాడు.

రాజమండ్రిలో కచేరీ నాడు ఆ మౌనం రానే వచ్చింది. అతను అయిదు దగ్గరుండగా ముందువరసలో ఒక పెద్దమనిషి, ఆలస్యంగా వచ్చిన భార్యను పిలుస్తూ చెయ్యెత్తాడు. ముగ్గురూ ఒక్కసారిగా గట్టిమేళం ఊదేసి, నాలిక్కరుచుకుని ఆగిపోయారు. మార్కండేయులి పెదవులు కూడా అదిరాయి. అయినా ఆరు, ఏడు అనుకుంటూ పోయాడు. పన్నెండు కాగానే ఒంటరిగా ఊదాడు.

“అయ్యో, ఆ పెద్దాయన వెనకబడిపోయాడండీ పాపం,” అంది అప్పుడే వచ్చి భర్త పక్కన కూర్చున్న ఆవిడ.

ఆ మాట మార్కండేయులి చెవినపడింది. వేదిక పక్కనున్న సహస్ర వంక చూసే తీరిక లేదు, తర్వాతి స్వరం వచ్చేస్తోంది.