పాప చొక్కా పట్టినంత తెర

మా పిన్ని వీధిలో నడిచేటప్పుడు మనుషుల ముఖాలు చూడదు. పిల్లల చంకలు చూస్తుంది. ఎదురుగా ఎవరైనా బిడ్డనెత్తుకుని వస్తుంటే చాలు, నా మోచెయ్యి గిల్లుతుంది. "అదిగో, చెయ్యెత్తగానే చొక్కా బొడ్డుదాకా ఎలా లేచిపోయిందో చూడు. ఎవరు కోశారో ఆ మహానుభావులు" అంటుంది. ఒక్కోసారి మాత్రం ఆగిపోయి, గొంతు తగ్గించి, "ఆ కాలరు నాదే" అంటుంది. ఆ సంగతి బిడ్డ తల్లికి తెలియదు. పిన్ని చెప్పదు కూడా. కాస్త దూరం వెళ్లాక వెనక్కి తిరిగి ఇంకోసారి చూసుకుంటుంది, అంతే.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. చదువు మధ్యలో ఆగిపోతే పిల్లల బట్టలు కుట్టే చిన్న కార్ఖానాలో గుండీలు కుట్టడానికి చేరింది. గుండీల నుంచి కాజాలకు, కాజాల నుంచి కత్తెరకు, కత్తెర నుంచి ప్యాటర్నులకు ఎదిగింది. బట్ట కోసేముందు ఏ ముక్క ఏ ఆకారంలో ఉండాలో గీసుకుంటారు కదా, అదే ప్యాటర్ను. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "ఊళ్లో పిల్లలందరి కొలతలూ తీస్తున్నాను, మళ్లీ ఇంట్లో ఒకడి కొలతలు కూడానా?" అని నవ్వేస్తుంది. కార్ఖానాలో కాగితం పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు తన ఈడువాళ్లు చాలామంది తప్పుకున్నారు. పిన్ని మాత్రం మౌసును ఇస్త్రీపెట్టె పట్టుకున్నట్టు పట్టుకుని, తిట్టుకుంటూనే నేర్చుకుంది.

కార్ఖానా మేడ మీద ఉంది. లిఫ్టు లేదు. ఈ మధ్య పిన్ని మోకాళ్లు మొరాయించాయి. యజమానురాలు మంచి మనిషే, కానీ వ్యాపారం వ్యాపారమే. "అక్కా, ఇంటి నుంచే గీసి పంపు. నమూనా చొక్కా సరిగ్గా వస్తే చలికాలం బట్టలన్నీ నీ చేతి మీదే. రాకపోతే మాత్రం మెట్లెక్కగలిగే మనిషిని చూసుకోక తప్పదు నాకు" అంది. వాడకుండా మూల పడున్న ఒక పెద్ద మానిటర్ కూడా ఇచ్చి పంపింది.

ఆ మానిటరూ ఒక సూట్‌కేసూ వెంటబెట్టుకుని పిన్ని మా ఇంటికి వచ్చింది. మా పాపకు అప్పుడే పాకడం వచ్చింది. నేను ల్యాబులో మళ్లీ ఉద్యోగంలో చేరాలి. పాపను కొత్తవాళ్లకు అప్పగించాలంటే నాకు బెంగ. పిన్ని ఉంటే ఆ బెంగే లేదు. కానీ పిన్ని లెక్క వేరు.

"పనుంటే ఉంటాను. పని లేకుండా మీ ఇంట్లో కూర్చుంటే నాలుగు రోజుల్లో నేనూ ఆ సోఫాలాగా అయిపోతాను. నా మీద మీరు తువ్వాళ్లు ఆరేస్తారు" అంది. తన కత్తెర కూడా సూట్‌కేసులోంచి బయటికి తియ్యలేదు. "ముందు నమూనా సంగతి చూద్దాం" అంది.

మొదట మా పాత ల్యాప్‌టాప్‌ను మానిటర్‌కు తగిలించాను. పిన్ని ఒక చంక వంపు గీసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసింది.

"అమ్మాయ్, ఈ గీత మెట్లెక్కుతోందే."

"మెట్లా?"

"చూడు, గళ్లు గళ్లుగా. నేను మెట్లెక్కలేకనే కదా ఇక్కడికొచ్చాను?"

నిజమే. ఆ తెరలో ఉన్న చుక్కలన్నింటినీ, అంటే పిక్సెళ్లన్నింటినీ, నింపే శక్తి ఆ ల్యాప్‌టాప్‌కు లేదు. ఉన్న కొన్నింటినే సాగదీసి పరుస్తోంది. అందుకే నున్నగా ఉండాల్సిన వంపు రంపపు పళ్లలా కనిపిస్తోంది. కొత్త కంప్యూటర్ కొనక తప్పదు. పెద్ద డబ్బాలాంటిది కుదరదు. బల్ల మీద పిన్నికి బట్ట పరుచుకునే చోటు కావాలి. బల్ల కింద అంతా మా పాప రాజ్యం. బెజ్జం కనబడితే వేలు పెట్టి చూడనిదే దానికి పొద్దుపోదు. కాబట్టి మానిటర్ వీపుకే బిగించగలిగేంత చిన్నది, శబ్దం చెయ్యనిది, కాలనిది, అయినా అంత తెరనూ నింపగలిగేది కావాలి.

చదివింది ఫిజిక్స్ కాబట్టి కొట్టువాడి మాట మీద కొనడం నాకు చేతకాదు. ఏ మానిటర్‌కు కొంటున్నామో దాని మీదే పరీక్షించాలన్నాను. మానిటర్‌ను దుప్పటిలో చుట్టి, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టాను. పక్కనే పాప. మా ఆయన అద్దంలోంచి చూసి, "ఇద్దరికీ కిటికీ వైపే కావాలంటారేమో" అన్నాడు.

కొట్టువాడు దుప్పటి విప్పుతూ, "సినిమాలకా మేడం, గేములకా?" అన్నాడు.

"పసిపిల్లల చొక్కాలకు నాయనా" అంది పిన్ని.

అతను నా వైపు చూశాడు. నేను తలూపాను.

మొదట అగ్గిపెట్టెంత కంప్యూటర్ తెచ్చాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. నేను సంబరపడేలోపే పిన్ని మౌసు కదిపి మొహం చిట్లించింది. "నా చెయ్యి వెళ్లిపోయాక తీరిగ్గా వస్తోందే ఈ బాణం. దీనికీ మోకాళ్ల నొప్పులా?"

సెకనుకు అరవైసార్లు మారాల్సిన బొమ్మ అందులో ముప్పైసార్లే మారుతోంది. అంత తెర దాని వల్ల కాదు. తరవాత తెచ్చిన దానికి శక్తికి లోటు లేదు, కానీ ఫ్యాను హోరుకు చంకలో నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి లేచింది. పైన చెయ్యి పెట్టి చూసి, "దీని మీద నీళ్లు కాచుకోవచ్చు" అంది పిన్ని. మూడోది టిఫిన్ డబ్బాలా ఉంది. దానికి సరైన వైరు కూడా పెట్టించి చూశాను. గీత నున్నగా ఉంది, బాణం చేతిని అంటిపెట్టుకుని ఉంది, డబ్బా చల్లగా ఉంది. అయినా అక్కడే చాలాసేపు నిలబడి, వేడెక్కుతుందేమోనని మాటిమాటికీ ముట్టుకుని చూశాను.

"పాప నుదురు ముట్టుకున్నట్టే ముట్టుకుంటోంది, పాపం" అని కొట్టువాడితో చెప్పింది పిన్ని. "దీనికి జ్వరం లేదమ్మా. తీసుకుపోదాం పద."

ఇంట్లో అంతా బిగించాక ఇంకో చిక్కు. చుక్కలు మరీ సన్నం కావడంతో తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పిన్ని కళ్లు పాడైపోతాయని నాకు బెంగ. సెట్టింగుల్లోకి వెళ్లి అన్నీ ఒకటిన్నర రెట్లు పెద్దవి చేశాను. "ఇప్పుడు బాగుంది" అంది పిన్ని. గీసే ప్రోగ్రాములో 'అసలు సైజు' అనే బటన్ కూడా చూపించాను. అది నొక్కితే జానెడు గీత తెర మీద కూడా జానెడే కనబడుతుందన్నమాట.

పిన్నికి కావలసిందే అది. ఏళ్ల తరబడి తన పద్ధతి ఒకటే. ఒంటికి బాగా కుదిరిన పాత బట్టను కాగితం మీద పరిచి, చుట్టూ గీసి, దాని మీంచి కొత్తది అల్లుతుంది. ఇప్పుడు కాగితం బదులు తెర. పాప చొక్కాను ఎడమచేత్తో తెరకు అదిమిపట్టి, కుడిచేత్తో చుట్టూ గీసింది. చొక్కా మొత్తం తెరలో పట్టింది. గీతల పక్కన కనబడే కొలతల అంకెలు అడ్డొస్తున్నాయని వాటిని తీసేసింది. రెండు రోజులు పాటలు పాడుకుంటూ గీసి, కార్ఖానాకు పంపింది.

నమూనా చొక్కా కుట్టి పంపారు. మెత్తగా, ముద్దుగా ఉంది. పాపకు తొడగబోతే తల పట్టలేదు. చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. పాప గుక్కపెట్టింది. పిన్ని ఆ చొక్కాను పాప ఆడుకునే బొమ్మకు తొడిగింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

అంతలో యజమానురాలి ఫోను.

"అక్కా, మనం బొమ్మల కొట్టు ఎప్పుడు పెట్టాం?" నవ్వుతూనే అంది, తరవాత నవ్వు ఆపేసింది. "ఈ వారంలో ఇంకొక్కటి పంపు. అదీ కాకపోతే నన్నేమీ అనుకోవద్దు."

పిన్ని ఫోను పెట్టేసి బొమ్మ చొక్కా మెడ దగ్గరి గుండీలు ఒక్కొక్కటే విప్పింది. "నా చూపు పోయిందమ్మా. ఇన్నాళ్లూ నా కన్నే నా టేపు అనుకున్నాను. పోయిందని తెలుసుకోలేకపోయాను" అంది. లోపలికెళ్లి, తువ్వాలు మడిచి సూట్‌కేసులో పెట్టింది.

బొమ్మను చేతిలోకి తీసుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాను. మెడ, చంక, పొడవు, కాలరు... ఎక్కడా ఒక్క వంకర లేదు. అప్పుడు వెలిగింది.

"పిన్నీ! చూపు పోతే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ రావాలి కదా? ఇది అన్నిచోట్లా ఒకేలా తగ్గింది. కన్ను చేసే తప్పు ఇంత పద్ధతిగా ఉండదు. నీ టేపు ఇలా తే."

పిన్ని సూట్‌కేసు అడుగునుంచి టేపు తెచ్చింది. పది సెంటీమీటర్ల గీత గీసి, 'అసలు సైజు' నొక్కి, టేపును తెరకు ఆనించాను. పదిహేను.

అక్షరాలను పెద్దవి చేస్తే ఆ బటన్ చూపించే 'అసలు' కూడా ఒకటిన్నర రెట్లు ఉబ్బిపోయింది. ఉబ్బిన తెర మీద పిన్ని నిజం చొక్కా పెట్టి గీసింది. తెర మీద పదిహేనున్న గీతను ప్రోగ్రాము పదిగా లెక్కేసుకుంది. తీరా కోస్తే బొమ్మ చొక్కా వచ్చింది.

"అంటే నా చూపు బాగానే ఉందా?"

"బంగారంలా ఉంది. నా కంగారే ఎక్కువైంది."

"అది నువ్వు పుట్టినప్పటినుంచీ ఉన్నదే" అంది పిన్ని, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ. అద్దాలతోపాటు కళ్లు కూడా తుడుచుకుంది.

టేపు పెట్టి చూసి, తెర మీది గీత నిజానికి ఎంత పొడవుందో ప్రోగ్రాముకు చెప్పే వీలుంది. చెప్పాను. అక్షరాలు పెద్దవిగానే ఉన్నాయి, సెంటీమీటరు మాత్రం సెంటీమీటరే అయింది. పిన్ని నమ్మలేదు. టేపు ముక్క ఒకటి కత్తిరించి మానిటర్ అంచుకు అంటించింది. పాపను ఎత్తి తెరకు ఆనించి, గీసిన చేతి పక్కన నిజం చెయ్యి పెట్టి మరీ చూసుకుంది. తెరంతా వేలిముద్రలు.

రెండో నమూనా రాగానే పాపకు తొడిగాం. తల సులువుగా దూరింది. పిన్ని పాప రెండు చేతులూ పట్టుకుని, "పైకి, పైకి, ఇంకా పైకి" అంటూ ఎత్తింది. చొక్కా అంచు ఉన్నచోటే ఉంది. బొడ్డు కనబడలేదు. ఫొటో పంపగానే యజమానురాలు ఫోన్ చేసి, "టోపీ ఉన్న కోటుతో మొదలుపెట్టక్కా" అంది.

ఆ సాయంత్రం పిన్ని కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టి, దాన్ని తగిలించడానికి గోడకొక మేకు కొట్టమంది. నేను కుర్చీ ఎక్కాను.

"అక్కడ చాలమ్మా."

"పాప నిలబడితే?"

"సరే, ఇంకాస్త పైన."

"అది కుర్చీ ఎక్కితే?"

"ఇంకా పైన కొట్టు, కొట్టు. మీ ఆయన ఇంటికొచ్చాక దింపి ఇస్తుంటే నేను కోసుకుంటాను."