మాలీ సెలవు, పన్నెండు పిండిముద్దలు

1954 జనవరిలో నేను రాయపూర్ శివార్లలోని ఒక చిన్న టౌన్ కమిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఆ కమిటీ పేరు ఇప్పుడు అనవసరం. నాగపూర్‌లో కోర్సు ముగించుకుని వచ్చిన మొదటి పోస్టింగు. మా బావగారు రైల్వే గార్డు, ఆయనకూ ఆ ఏడే ఖరగ్‌పూర్ నుంచి అక్కడికే బదిలీ అయింది. వాళ్ల క్వార్టర్లోనే నా బస. ఇన్‌స్పెక్టరంటే పెద్ద హోదా అనుకునేరు. సెక్రటరీకి కింద, జమాదారుకు పైన. చీవాట్లు పైనుంచి, సణుగుళ్లు కిందనుంచి.

ఆ వేసవిలో వీధికుక్కల బెడద పెరిగింది. కమిటీ ఒకే సమావేశంలో రెండు తీర్మానాలు చేసింది. పార్కుకు ముగ్గురు మాలీలు అనవసరం, ఒక్కడు చాలు. పార్కులో చేరే కుక్కలకు విషం పెట్టాలి, ఆ పని కూడా మాలీయే చూడాలి. మనుషుల్ని తగ్గించి పని పెంచే విద్య కమిటీల దగ్గరే నేర్చుకోవాలి. మామూలుగా ఎర మాంసంలో పెడతారు. పార్కులో మాంసమేమిటని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పడంతో గోధుమపిండి ముద్దలని రాశారు.

విషం స్ట్రిక్నిన్, అంటే ముష్టిగింజల నుంచి తీసేది. సాయంత్రం గేటు మూశాక, మోదుగాకులో చుట్టిన పన్నెండు ముద్దలు పొదల కింద పెట్టాలి. తెల్లవారగానే మాలీ మిగిలినవి ఏరాలి. కుక్క తిన్నచోట ఆకు మిగులుతుంది, దగ్గర్లోనే కుక్క పడి ఉంటుంది. ఆకులూ ముద్దలూ కలిపి పన్నెండు తేలితేనే నేను సంతకం పెట్టి గేటు తీయించాలి.

మిగిలిన ఒక్క మాలీ పేరు బిసాహు. ఛత్తీస్‌గఢీ మనిషి, మాట తక్కువ. జూలైలో ఒకరోజు వచ్చి, సావన్ అమావాస్యకు హరేలీ పండగ, ఆ రోజు పార, గడ్డపార కడిగి పూజిస్తామేగాని పట్టుకోము, సెలవు కావాలన్నాడు. సావనంటే శ్రావణమే కదా, ఎప్పుడొస్తుందని ఇంటికెళ్లి అక్కనడిగాను. ఆవిడ మన పంచాంగం తిరగేసి, "సావన్ ఎక్కడిదిరా తమ్ముడూ? ఇంకా ఆషాడమే దాటనేదు. మహీనా పైనే ఉంది," అంది. మర్నాడు సెలవు మంజూరు చేసి, రిజిస్టరులో ఆగస్టు అమావాస్య తేదీ వేశాను. బిసాహుకు చదువు రాదు. మంజూరైందన్న మాట చాలనుకున్నాడు.

ఉత్తరాది లెక్కలో పున్నమి దాటగానే కొత్త నెల. మనకు అమావాస్య దాటాలి. మన ఆషాఢ అమావాస్యే వాళ్ల సావన్ అమావాస్య. ఈ సంగతి నాకు ఆ అమావాస్య ఉదయమే తెలిసింది.

ముందురోజు సాయంత్రం బిసాహు ముద్దలు పెట్టి, నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు. తెల్లవారి నేను వెళ్లేసరికి గేటుకు తాళం. మునుపైతే ఒకడు రాకపోతే ఇంకొకడుండేవాడు. నేనే తాళం తీసి ఏరడం మొదలుపెట్టాను. ఐదు ఆకులు, ఐదు కుక్కలు. నాలుగు ముద్దలు. మిగతా మూడూ లేవు, వాటి ఆకులూ లేవు. వానకు తడిసిన పొదల్లో మోకాళ్ల మీద పాకి మళ్లీ వెతికాను. ఏ పిల్లల చేతికి చిక్కాయోనని గోడ బయట కూడా చూశాను.

పార్కు గోడ వెనకే కాంజీ హౌస్, అంటే మన బందెలదొడ్డి. అక్కడ జనం అలికిడి వినిపించి వెళ్లాను. పట్టుబడిన పశువుల యజమానులు బుట్టలతో నిలబడి ఉన్నారు. హరేలీ నాడు పశువులకు ఉప్పు కలిపిన పిండిముద్ద ఆకులో చుట్టి తినిపిస్తారట. దొడ్డి కాపలాదారు, రౌత్ కులపు ముసలి గొల్ల, ఆకులు విప్పి ముద్దలన్నీ ఒక గంపలో పోసి పశువులకు పెడుతున్నాడు. పార్కులోంచి ఏమైనా తెచ్చావా అని అడిగాను.

"హా సాబ్. గోడ కూలినచోట పొదల కింద మూడున్నాయి. దొడ్డి తలుపు తీయలేదని ఎవరో అక్కడ పెట్టి పోయారనుకున్నా," అన్నాడు.

గంపలో అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. భయంతో మొదట అబద్ధమే ఆడాను. దొడ్డిలో బయటి మేత పెట్టకూడదని రూలుందన్నాను. ఎవరూ లక్ష్యపెట్టలేదు. అప్పుడు విషమని చెప్పాను. గంపను గుంటలో బోర్లించేలోపే, పక్కనున్న మోవా అనే ఊరి నుంచి వచ్చిన ఒకామె పెయ్యదూడ కాళ్లు బిగుసుకుని పడిపోయింది. ఆమె నన్ను తిట్టలేదు. "నా చేతి ముద్దా సాబ్, మీదా?" అని మాత్రం అడిగింది. మాదేనన్నాను. ఆ దూడ ఒక్కటే పోయింది. మిగతావాటిని చీకటిపడేదాకా చూస్తూ కూర్చున్నాను.

సెక్రటరీ నివేదిక అడిగారు. మాలీ గైర్హాజరని రాశాను. అది నిజమే, కానీ సగం. సెలవు తేదీ నేను తప్పు వేశానని రాయలేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి, ఉద్యోగం ఊడుతుందని భయపడ్డాను. నాలుగో రోజు రిజిస్టరు పట్టుకెళ్లి జరిగిందంతా రాసిచ్చాను. బిసాహును ముందురోజే తొలగించారు. నాకు మందలింపుతో సరిపోయింది. అతణ్ణి తిరిగి తీసుకోమని రెండుసార్లు రాశాను. పార్కుకు అసలు మాలీయే అక్కర్లేదని తర్వాతి సమావేశం తీర్మానించింది.

ఆ పైన నా సర్వీసంతా, సెలవడిగినవాణ్ణి, కావలసింది ఇవాళ్టి నుంచి ఎన్నో రోజని అడిగి రాసుకున్నాను. అది చిన్న పాఠం. మన తప్పు తెలిసిన పూటే కాగితం మీద పెట్టాలన్నది పెద్దది. నాలుగో రోజున నేను రాసిన నిజానికి ఇన్‌వార్డు నంబరు పడింది, ఫైలుకెక్కింది, అంతే.